సర్క్యులరు ఆసుపత్రికొచ్చిద్ది, పేటకెందుకు రాదు?

(కూలీల, దళిత కార్యకర్తల మండల సమావేశంలో మా తరఫున చేసిన ప్రసంగ పాఠం)

మిరపకోతల రోజుల్లో ఒక పూట కూర్చోమంటే ఎంత నష్టమో మాకు తెలుసు. అందుకని నేరుగా మాటలోకి పోతాం.

ఇందాక మేము చేతులెత్తమని అడిగాం. ఆరోగ్యశ్రీ కార్డో, వైద్యసేవ కార్డో, పేరేదైనా గానీ, ఇంట్లో ఉన్నోళ్ళు ఎంతమందని. అందరి చేతులూ లేచినయ్. ఆ కార్డు పట్టుకుపోతే ఆసుపత్రి మనకేం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో రాసున్న కాగితం చూసినోళ్ళు ఎంతమందంటే ఒక్క చెయ్యి లేవలా. సిగ్గుపడాల్సిందేం లేదు. మేమూ నిన్నమొన్నటిదాకా చూడలా. పట్టా కాగితాలు చదివాం, ఎఫ్ఐఆర్లు చదివాం, కూలి రేట్ల జీవోలు చదివాం. ఈ కాగితం మాత్రం మన పని కాదనుకున్నాం. మన పనే అని ఎట్టా తెలిసొచ్చిందో ముందు చెబుతాం.

2025 అక్టోబరు మొదటి వారంలో మా పక్క పేట తమ్ముడొకడు ట్రాక్టరు ట్రక్కు మీద నుంచి కిందపడ్డాడు. తొడ ఎముక విరిగింది. అతని పేరు, ఊరు పేరు, ఆసుపత్రి పేరు ఇక్కడ చెప్పం. ఆ ఇంటోళ్ళు రేపు మళ్ళీ ఆ ఆసామి పొలంలోనే దిగాలి, అదే టౌనులో వైద్యం చేయించుకోవాలి. 108 బండిలో టౌనుకు తీసుకుపోయారు. కార్డు చూపిస్తే కౌంటరు దగ్గర కూర్చున్నాయన తల కూడా ఎత్తకుండా చెప్పాడంట: "శ్రీ ఆపేశారమ్మా. పైనుంచి సర్క్యులరొచ్చింది. డబ్బు కట్టుకుంటే ఇప్పుడే లోపలికి తీసుకుంటాం. లేదంటే పెద్దాసుపత్రికి తీసుకుపో."

సర్క్యులరు అనే మాట వింటే మనోళ్ళు ఆగిపోతారు. పోలీసుస్టేషనులో సెక్షను నంబరు చెప్పినట్టే అది. ఆ చెల్లెలు పుస్తెలతాడు తాకట్టు పెట్టి, చాలక నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, మొత్తం 25 వేలు నోట్లు కట్టింది. ఇంటరు చదివే కూతురు మేనమామ పంపించిన 15 వేలు ఫోన్‌పేలో కొట్టింది. ఆపరేషన్ చేశారు, రాడ్డు వేశారు. అబద్ధమెందుకు, ఆపరేషన్ బాగానే చేశారు. ఇంటికి పంపేటప్పుడు ఐదారు కాగితాలు ముందర పెట్టి వేలిముద్రలు వేయించుకున్నారు.

నెల పోయాక సంఘం మీటింగులో ఈ మాట వచ్చింది. మాలో ఒకరు తారీఖు అడిగారు. మనోడు ఆసుపత్రిలో చేరింది ఏడో తారీఖు. ప్రైవేటు ఆసుపత్రుల సంఘం సేవలు ఆపుతామని చెప్పి ఆపింది పదో తారీఖు నుంచి. అంటే ఆ రోజు శ్రీ ఆగలేదు. అక్కడ పట్టుకున్నాం తీగ. జిల్లా సమన్వయకర్త ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాం. తేలిందేంటంటే, మనోడి కార్డు మీద ఆసుపత్రి ఎనిమిదో తారీఖునే అనుమతి తీసుకుంది. ఆపరేషన్ డబ్బుకు బిల్లు కూడా పెట్టింది. అంటే ఒక కాలికి రెండుసార్లు డబ్బు. మనోడు వేలిముద్ర వేసిన కాగితాల్లో ఒకదాంట్లో ఏముందయ్యా అంటే, నా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు, వైద్యం తృప్తిగా ఉంది అని ఉంది.

ఫోన్‌పేలో కొట్టిన 15 వేలూ తిరిగొచ్చినయ్. ఫోనులో తారీఖుంది, ఎవరి ఖాతాకు పోయిందో ఉంది, ఎవరూ కాదనలేకపోయారు. నోట్లుగా కట్టిన 25 వేలు రాలేదు. ఒక తెల్లచీటీ మీద 25 అని రాసిచ్చారు, ముద్ర లేదు, సంతకం లేదు. పుస్తెలతాడు ఇంకా తాకట్టులోనే ఉంది.

మన తాతలు ఏమున్నదో తెలియని ప్రోనోట్ల మీద వేలిముద్ర వేసి తరాల తరబడి పాలేర్లుగా బతికారు. మనం బళ్ళకు పోయాం, పిల్లల్ని కాలేజీకి పంపిస్తున్నాం. ఇప్పుడు మళ్ళీ ఏమున్నదో తెలియని కాగితం మీద వేలిముద్ర. ఆ కాగితం చదువుదామనే ఇవాళ ఇక్కడ కూర్చున్నాం.

ఈ ఏర్పాటు ఎట్టా నడిచిద్దో ముందు తెలియాలి. ప్రభుత్వం ఒక ట్రస్టు పెట్టింది. ట్రస్టుకీ ఆసుపత్రికీ ఒప్పందం ఉండిద్ది. ఒప్పందం చేసుకున్న ఆసుపత్రిని నెట్‌వర్క్ ఆసుపత్రి అంటారు. ఏ జబ్బుకు ఎంతిస్తారో ముందే రాసుకున్న లిస్టు ఉండిద్ది, దాన్ని ప్యాకేజీ అంటారు. మనం పోతే అక్కడ ఆరోగ్యమిత్ర అనే మనిషి పేరు రాసుకోవాలి. డాక్టరు చూసి, ఫోటోలూ రిపోర్టులూ కంప్యూటరులో పెట్టి ట్రస్టు అనుమతి అడగాలి. ప్రాణం మీదికొచ్చిన కేసైతే ఫోను మీదే అనుమతి ఇస్తారు, కాగితాలు తర్వాత. వైద్యం అయ్యాక ఆసుపత్రి బిల్లు పెట్టిద్ది, ట్రస్టు డబ్బిచ్చిద్ది.

ఇందులో మనం ఎక్కడున్నాం? ఒప్పందం మీద మన సంతకం లేదు. లిస్టు మనల్ని అడిగి రాయలా. రేటు మారినా, జబ్బు కలిపినా తీసేసినా, ఆసుపత్రిని జాబితాలోంచి తొలగించినా, ఆ సమాచారం సర్క్యులరుగా ఆసుపత్రికి పోయిద్ది. మనకు తెలిసేది కౌంటరు దగ్గర, అదీ కౌంటరు మీదున్నోడి నోటి నుంచి. వాడేం చెబితే అదే సర్క్యులరు. ఊరి బావి కాడ నీళ్ళు ఎవరు తోడిపోస్తే వాళ్ళ దయ మీద బతికిన జాతికి ఇది కొత్త సంగతి కాదు గానీ, ఇప్పటికీ ఇట్టాగే ఎందుకుండాలన్నదే మా ప్రశ్న.

కొంచెం వెనక్కి పోదాం. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైంది, రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. మొదట మూడు జిల్లాల్లో: శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్. అంతకుముందు గుండె ఆపరేషన్ కావాలంటే ఎమ్మెల్యే ఇంటిముందు నిలబడి ముఖ్యమంత్రి సహాయనిధికి చీటీ రాయించుకోవాలి. ఎమ్మెల్యే ఇంటి గడప మనకెంత దూరమో మీకు చెప్పాలా? ఆ గడప లేకుండా తెల్లకార్డు మీద ఆపరేషన్ అనేది చిన్న విషయం కాదు. దాన్ని మేము తక్కువ చెయ్యం. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అది చాలకపోతే ఇంకో 50 వేలు. మొదట్లో స్టార్ హెల్త్ అనే బీమా కంపెనీ ద్వారా నడిపారు. 2008 జులైలో రాష్ట్రమంతా అయ్యేసరికి ట్రస్టే నేరుగా డబ్బిచ్చే పద్ధతి కూడా వచ్చింది, లిస్టు 942 చికిత్సలకు చేరింది.

రాష్ట్రం విడిపోయాక ఆంధ్రలో పేరు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019లో మళ్ళీ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్ళీ వైద్యసేవ అయింది. పాలకులు మారినప్పుడల్లా కార్డు మీద బొమ్మ మారిద్ది. మనోళ్ళు ఏ బొమ్మున్న కార్డు చెల్లిద్దో తెలియక మూడూ దాచిపెట్టుకుంటున్నారు, ట్రంకుపెట్టెలో. లిస్టు మాత్రం పెరిగింది, 3,257 చికిత్సల దాకా పోయింది. 2023 డిసెంబరులో కుటుంబానికి పరిమితి 25 లక్షలని ప్రకటించారు. తెలంగాణలో అదే నెల 5 లక్షలున్నదాన్ని 10 లక్షలు చేశారు. 2024 జులైలో 163 కొత్త చికిత్సలు కలిపారు, 1,375 చికిత్సలకు రేట్లు పెంచారు.

ఈ అంకెలు పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చినయ్. 25 లక్షలు! నిజమే, 25 లక్షలే. కానీ పేటలో మనిషికి 25 లక్షల జబ్బు ఎప్పుడో ఒకసారి వచ్చిద్ది. రోజూ వచ్చే జబ్బేంది? జ్వరం, నడుము నొప్పి, బీపీ, షుగరు, ఆడోళ్ళకు రక్తం లేకపోవడం, పురుగుమందు కొట్టిన సాయంత్రం కళ్ళు తిరగడం. వీటికి రోజువారీ మందూ పరీక్షా ఈ కార్డు చూడదు. మంచమెక్కి ఆసుపత్రిలో చేరితేనే కార్డు. షుగరు మాత్రకు నెలనెలా మన కూలిడబ్బే పోవాలి, అది కొనలేక కాలు కుళ్ళిందాకా ఆగితే అప్పుడు కాలు తీసెయ్యడానికి కార్డు పనికొచ్చిద్ది. పేటలో అమ్మల లెక్క ఇదే. మేము తయారుచేసిన లెక్క కాదు.

ప్యాకేజీ అనే మాటలో ఏమేం ఉన్నాయో ఇప్పుడు చెబుతాం. ఇక్కడ కొంచెం నిదానంగా వినండి, పక్కనోళ్ళకు చెప్పండి. ప్యాకేజీ అంటే ఆపరేషన్ ఒక్కటే కాదు. మంచం, డాక్టరు ఫీజు, పరీక్షలు, మందులు, లోపల వేసే రాడ్డో స్టెంటో, రోగికి తిండి, ఇంటికి తిరిగిపోయే చార్జీ, అన్నీ అందులోనే. ఇంటికొచ్చాక పది రోజుల మందులు కూడా వాళ్ళే ఇవ్వాలి. ఇంటికొచ్చిన నెల లోపల అదే ఆపరేషన్ వల్ల చీము పట్టినా, ఇంకేదైనా తేడా చేసినా మళ్ళీ వాళ్ళే చూడాలి, డబ్బు అడగకూడదు. లిస్టులో ఉన్న జబ్బేమోనని పరీక్షలు చేసి, చివరికి ఆపరేషన్ అక్కర్లేదని తేలినా, ఆ పరీక్షలకు డబ్బు తీసుకోకూడదు. ఊళ్ళలో ఉచిత వైద్య శిబిరాలు పెట్టాల్సిన బాధ్యత కూడా ఆ ఆసుపత్రుల మీద ఉంది. శిబిరం ఎక్కడ పెడతారు? ఊరి మధ్య రామాలయం దగ్గరో, పంచాయతీ అరుగు మీదో. పేటలో ఎందుకు పెట్టరని ఇకనుంచి అడుగుదాం.

మనోళ్ళు కట్టిన డబ్బులు మాకు చూపించండంటే ఎక్కువగా కనపడింది మూడు రకాలు. "స్కానింగు దీంట్లోకి రాదు" అని కట్టించుకోవడం. "ఇంకా మంచి రకం వేస్తాం, తేడా కట్టుకోండి" అనడం. "అనుమతి వచ్చేదాకా అడ్వాన్సు, వచ్చాక తిరిగిస్తాం" అనడం. తిరిగిచ్చినోళ్ళు ఉన్నారు, లేదనం. ఇవ్వనోళ్ళే ఎక్కువ. అందరు డాక్టర్లూ దొంగలని మేము అనం. రాత్రిపూట కార్డు లేకుండా పోయినా చేర్చుకుని, తెల్లారి కాగితాలు తెమ్మన్న డాక్టర్లు మాకు తెలుసు. కానీ మన ప్రాణం ఒక మంచి మనిషి దొరకడం మీద ఆధారపడితే దాన్ని హక్కు అనరు.

ఇంకో సంగతుంది. ఆసుపత్రుల్లో మనకు పేరుండదు. "శ్రీ కేసు" అంటారు. శ్రీ కేసులన్నీ ఒక వరండాలో, డబ్బు కట్టేవాళ్ళు ఏసీ గదుల్లో. ఊళ్ళో రెండు గ్లాసులు, ఆసుపత్రిలో రెండు వరసలు. అందులో అగ్రకులాల పేదలూ ఉంటారుగా అని ఎవరైనా అడగొచ్చు. ఉంటారు. వాళ్ళకు ఆ ఆసుపత్రిలో బావమరిదో, వాళ్ళూరి పిల్లోడో ఎవడో ఒకడు తెల్లకోటులో తగులుతాడు. మనకు తగిలేది ఊడ్చే అక్క. ఆ అక్క మనది కాబట్టే ఇన్ని సంగతులు మనకు తెలిసినయ్, అది వేరే విషయం.

మొన్న ఆపినప్పటి సంగతి కూడా మాట్లాడాలి. 2025 సెప్టెంబరు మధ్యలో తెలంగాణలో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపినయ్, సుమారు 1,400 కోట్లు బకాయి ఉందని. అక్టోబరు 10 నుంచి ఆంధ్రలో ఆపినయ్, 2,700 కోట్ల దాకా రావాలని వాళ్ళ సంఘం చెప్పింది. నెలాఖరుకు మాటలయ్యాక మళ్ళీ మొదలెట్టారు. బకాయి పెట్టింది ప్రభుత్వం. అది తప్పే. చేసిన పనికి కూలి ఇవ్వకపోతే ఎట్టా ఉండిద్దో మనకంటే తెలిసినోళ్ళెవరు? కానీ ఒకమాట. ఆసామి కూలి ఎగ్గొడితే మనం ఆసామి గుమ్మం ముందు కూర్చుంటాం. వాళ్ళు ఎవరి గుమ్మం మూశారు? ప్రభుత్వం మీద కోపానికి ఆగిపోయింది మన ఆపరేషన్లు. ఆ మూడు వారాల్లో ఏం ఆగింది, ఏం ఆగలేదు, ప్రభుత్వాసుపత్రిలో కార్డు నడుస్తుందా లేదా అని చెప్పడానికి పేటలోకి ఒక్క మనిషి రాలా. ఓటరు చీటీ అయితే ఇంటికొచ్చి ఇస్తారు.

ప్రభుత్వం ఇప్పుడు మళ్ళీ బీమా కంపెనీల వైపు చూస్తంది. 2025 సెప్టెంబరులో ఆంధ్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రకారం, రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ భరించాలి, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు భరించాలి. ఆదాయం చూడకుండా అన్ని కుటుంబాలకూ అన్నారు. దీంట్లో మాకు నచ్చే మాట ఒకటుంది, భయపెట్టే మాట ఒకటుంది. అందరికీ అంటే తెల్లకార్డు కోసం తలవంచక్కర్లేదు, అది మంచిదే. భయమేందంటే, బీమా కంపెనీ వ్యాపారం చేసుకోడానికి వచ్చిద్ది. ఎన్ని కేసులు కొట్టేస్తే దానికంత మిగులు. ట్రస్టు కాదంటే కలెక్టరు దగ్గరకు పోతాం, మంత్రిని నిలదీస్తాం. కంపెనీ కాదంటే ఎవరి గుమ్మం దగ్గర కూర్చుంటాం? ఆ కంపెనీతో ఒప్పందం కాగితం తెలుగులో అచ్చువేసి ప్రతి సచివాలయం గోడకు అంటించాలని మనం ఇప్పుడే అడగాలి. అయిపోయాక అడిగితే అది కూడా ఆసుపత్రికే పోయిద్ది.

రేట్ల లిస్టు మనిషి ఒంటిమీద ఎట్టా పనిచేసిద్దో ఆడోళ్ళకు బాగా తెలుసు. ఆరోగ్యశ్రీ వచ్చిన కొత్తలో గర్భసంచి తీసే ఆపరేషన్ లిస్టులో ఉంది, ప్రైవేటులో చేయొచ్చు. తెల్లబట్ట అవుతుందని పోయిన మనిషికి, నడుము నొప్పని పోయిన మనిషికి, ముప్పై ఏళ్ళు దాటకుండానే గర్భసంచి తీసేశారు. క్యాన్సరొచ్చిద్దని భయపెట్టారు. గోల బయటికొచ్చాక ఆ ఆపరేషన్‌ను ప్రైవేటు నుంచి తప్పించి ప్రభుత్వాసుపత్రులకు పెట్టారు. ఇది మన ఒక్క రాష్ట్రం కథ కాదు. ఆర్‌ఎస్‌బీవై అనే కేంద్రం బీమా, 30 వేల రూపాయలది, దాని కింద బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో కూడా ఇట్టాగే చేశారని నరేంద్ర గుప్తా అనే డాక్టరు సుప్రీంకోర్టుకు పోయాడు. అవసరం లేకుండా గర్భసంచులు తియ్యకుండా కాపాడే నియమాలు అన్ని రాష్ట్రాలూ పాటించాలని కోర్టు 2023 ఏప్రిల్‌లో చెప్పింది. ఆ ఆపరేషన్లు చేయించుకున్న అక్కలు ఈ సభలోనే ఉన్నారు. ముప్పై ఐదేళ్ళకే ఎముకలు నొప్పులని, మొక్క నాటేందుకు వంగలేకపోతున్నామని చెప్పేది వాళ్ళే. ఏ ప్యాకేజీలోనూ దానికి రేటు లేదు.

ఇక కేంద్రం పథకం, ఆయుష్మాన్ భారత్. 2018 సెప్టెంబరు 23న రాంచీలో మొదలైంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. రెండు రాష్ట్రాలూ దాన్ని తమ పథకంతో కలిపి నడుపుతున్నయ్. దాని లిస్టు 2011 సామాజిక ఆర్థిక కులగణన నుంచి తీశారు. పల్లెల్లో ఎవరు అర్హులని రాసుకున్నారో తెలుసా? ఎస్సీ, ఎస్టీ కుటుంబం కావడమే ఒక అర్హత. చేతులతో మలం ఎత్తే పని చేసిన కుటుంబాలు, విడిపించిన వెట్టికూలీలు నేరుగా అర్హులు. అంటే ఈ దేశంలో కులమే జబ్బుకూ అప్పుకూ కారణమని వాళ్ళ కాగితమే ఒప్పుకుంది. కాబట్టి కౌంటరు దగ్గర చెయ్యి చాపాల్సిన పన్లేదు. బెంగుళూరుకూ చెన్నైకీ పనికి పోయే పిల్లలు ఈ కార్డు చేయించుకోండి, పథకంలో ఉన్న వేరే రాష్ట్రం ఆసుపత్రుల్లో కూడా చెల్లిద్ది. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్ళు దాటిన వాళ్ళందరికీ ఆదాయంతో పనిలేకుండా ఇస్తున్నారు. మన ముసలోళ్ళ ఆధార్‌లో వయసు తప్పుగా పడింది చానామందికి. ముందు అది దిద్దించాలి.

దీని లెక్కలు కాగ్ చూసి 2023లో పార్లమెంటు ముందు పెట్టింది. దాదాపు ఏడున్నర లక్షల మంది పేర్లకు ఒకే ఫోను నంబరు, పది తొమ్మిదులు, తగిలించి ఉంది. అంతకుముందే చనిపోయినట్టు లెక్కల్లో ఉన్నవాళ్ళకు వైద్యం చేసినట్టు బిల్లులు పెట్టారు. చచ్చినోడికి మంచం దొరికింది చూడండి. బతికున్నోడికి సర్క్యులరు అడ్డమొచ్చింది.

ఇక్కడ బాబాసాహెబ్ మాట రాకుండా ఎట్టా ఉండిద్ది? ఆయన 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిలులో కార్మిక శాఖ చూశాడు. కార్మికుల ఆరోగ్య బీమా ఎట్టా ఉండాలో పథకం వెయ్యమని బి.పి. అదార్కర్‌ను 1943లో నియమించింది ఆ శాఖే. 1944లో నివేదిక వచ్చింది. దాని మీదే 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాన్ని సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. ఈఎస్ఐలో ఉన్న తేడా చూడండి. కార్మికుడి జీతంలో నూటికి ముప్పావలా, యజమాని నుంచి మూడుంపావు. దానికి జ్వరం మాత్ర నుంచి ఆపరేషన్ దాకా అన్నీ, పైగా జబ్బుతో పనికి పోలేని రోజులకు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో నూటికి 70 వంతులు. ఆసుపత్రి, జీతం రెండూ కలిస్తేనే బీమా అని ఆనాడే అనుకున్నారు. మన తమ్ముడికి కాలు విరిగి నాలుగు నెలలు పని లేదు. అతని కార్డులో ఆ నాలుగు నెలల కూలికి గడి లేదు. వ్యవసాయ కూలీని ఈఎస్ఐ ఇన్నేళ్ళూ బయటే పెట్టింది. పొలంలో పనిచేసేది ఎవరు? అర్థమైందిగా.

మున్సిపాలిటీలో ఊడ్చే మన పిల్లలు కొందరికి ఈఎస్ఐ కోత పడతది. కోత పడతది గానీ కాంట్రాక్టరు కట్టాడో లేదో తెలియదు. ప్రతి ఆర్నెల్లకూ ఈఎస్ఐ నంబరు మీద జమ చూసుకోండి. జమ లేకపోతే వైద్యం దగ్గర ఆపేస్తారు.

దాడి కేసుల విషయం ఒక మాట. మన మీద దాడి జరిగి ఆసుపత్రికి పోతే కార్డు గోలలో పడి ఇంకో హక్కు మర్చిపోతున్నాం. ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద 1995 నిబంధనల్లో బాధితులకు ప్రయాణ ఖర్చులు, మందుల ఖర్చు, రక్తం ఎక్కించే ఖర్చు, భోజనం ఖర్చు జిల్లా యంత్రాంగం ఇవ్వాలని ఉంది. కారంచేడు నుంచి గాయాలతో చీరాల చేరిన 1985 నాటికి ఈ చట్టం లేదు. ఇప్పుడుంది. బిల్లులు దాచిపెట్టి కలెక్టరుకు అర్జీ పెట్టండి.

ప్రైవేటుకు పోయే డబ్బు గురించి మాలోనే తగువుంది. కొందరు మిత్రులు ఈ పథకమే వద్దంటారు, ఆ డబ్బుతో ప్రభుత్వాసుపత్రులు కట్టాలంటారు. వాళ్ళన్నదాంట్లో నిజముంది. మొదటి ఏళ్ళలో ఈ డబ్బులో ఎక్కువ వంతు ప్రైవేటుకే పోయింది. పీహెచ్‌సీలో డాక్టరు లేడు, మందు లేదు. టౌనులో మాత్రం అంతస్తు మీద అంతస్తు లేచింది. కానీ గుండె కవాటం పాడైన పిల్లను ఎత్తుకొచ్చిన తల్లికి, ప్రభుత్వాసుపత్రి బాగుపడిందాకా ఆగమని చెప్పే ధైర్యం మాకు లేదు. మేము రెండూ అడుగుతాం. ఈ పథకంలో ప్రభుత్వాసుపత్రి చేసిన వైద్యానికి కూడా డబ్బొచ్చిద్ది, కొంత ఆసుపత్రి బాగుకు, కొంత సిబ్బందికి ప్రోత్సాహంగా. మన పెద్దాసుపత్రికి అట్టా ఎంతొచ్చింది, దేనికి ఖర్చుపెట్టారు అని సమాచార హక్కు కింద అర్జీ తయారుచేశాం. ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో పేటల తరఫున ఒక ఆడమనిషి ఉండాలని కూడా రాశాం. ఇవాళ పోయేటప్పుడు అందరూ సంతకాలు చెయ్యండి. చదివాకే చెయ్యండి.

ఇక పనులు. ఆసుపత్రికి ఒక్కళ్ళే పోవద్దు. చదువుకున్న పిల్లనో పిల్లోడినో వెంట పెట్టుకుపోండి, నోటుపుస్తకంలో తారీఖు, టైము, కౌంటరు మీద ఎవరున్నారు, ఏమన్నారు రాయించండి. సర్క్యులరు వచ్చిందంటే చూపించమనండి, ఫోటో తీసుకోండి. చూపించకపోతే అక్కడే 104కు ఫోను చెయ్యండి, ఆయుష్మాన్ కార్డుకు 14555. ఆరోగ్యమిత్రను అడగండి. వాళ్ళలో చానామంది మన పిల్లలే, అవుట్‌సోర్సింగు మీద బతికేవాళ్ళు, వాళ్ళ మీద అరవొద్దు. డబ్బు కట్టక తప్పకపోతే నోట్లు ఇవ్వొద్దు, ఫోనులో కొట్టండి. ఇంటికి పంపేటప్పుడు పెట్టే కాగితాలు గట్టిగా చదివించుకున్నాకే వేలిముద్ర. డబ్బు తీసుకుని తీసుకోలేదని రాసుంటే, ఎంత కట్టామో దాని మీదే రాసి సంతకం చెయ్యండి. ఒప్పుకోకపోతే మాకు ఫోను చెయ్యండి, వస్తాం. వసూలు చేసినట్టు రుజువైతే తిరిగి ఇప్పించొచ్చు, జరిమానా వెయ్యొచ్చు, జాబితాలోంచి తీసెయ్యొచ్చు. సమన్వయకర్త ఆఫీసులో పలక్కపోతే సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సు ఉంది. అక్కడికి ఒక్క కేసుతో పోతే బతిమాలినట్టుండిద్ది, ఇరవై కేసులతో పోతే మాట వేరే.

ఆ ఇరవై కేసుల కోసమే వచ్చే ఆదివారం కూర్చుంటున్నాం, అంబేద్కర్ బొమ్మ దగ్గర, పొద్దున తొమ్మిదింటికి. రెండేళ్ళ లోపు కార్డు మీద ఆసుపత్రికి పోయినోళ్ళందరూ ట్రంకుపెట్టెలో ఉన్న కాగితాలన్నీ తీసుకురండి. తెల్లచీటీలైనా సరే, చిరిగినవైనా సరే. మన తమ్ముడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, అతనూ వస్తానన్నాడు. అతని దగ్గరున్న 25 అని రాసిన చీటీలాంటిది, అదే చేతిరాతతో, ఇంకెవరి దగ్గరన్నా ఉంటే ముందు అది మాకు చూపించండి.

జై భీమ్!